మా చిన్న ఇంటర్నెట్ కంపెనీని పెద్ద కంపెనీ కొనేసింది, ఇక దీన్ని ఏం చేస్తారు?

పాతరూటర్:

నిన్న సాయంత్రం మెయిల్ వచ్చింది. ఆరేళ్ళుగా నేను వాడుతున్న చిన్న ఇంటర్నెట్ కంపెనీని ఒక పెద్ద కంపెనీ కొనేసిందట. "మీకు ఏమీ మారదు" అని మొదటి పేరాలో రాశారు, చివరి పేరాలో మళ్ళీ అదే మాట రాశారు. రెండుసార్లు చెప్పేసరికి నాకు టెన్షన్ పట్టుకుంది.

నేను ఈ చిన్న కంపెనీకి రావడానికి కారణమే ఆ పెద్ద కంపెనీ. అక్కడ మొదటి ఏడాది ఒక ధర, రెండో ఏడాది ఇంకో ధర. ప్రతి ఏడాదీ ఫోన్ చేసి కనెక్షన్ తీసేస్తానని గొడవపడితే తప్ప తగ్గించేవాళ్ళు కాదు. ఆ ఫోన్‌కాల్స్‌తో విసిగిపోయి ఇటు వచ్చాను. ఇక్కడ కొత్తవాళ్ళకీ పాతవాళ్ళకీ ఒకటే ధర, కాంట్రాక్టు లేదు, ఫోన్ ఎత్తే మనిషికి పింగ్ (నెట్ ఎంత త్వరగా స్పందిస్తుందో చూసే పరీక్ష) అంటే ఏంటో తెలుసు. నాకు కావలసింది ఈ మూడే, స్పీడు కొంచెం తక్కువైనా ఎప్పుడూ బాధపడలేదు.

నాకు అర్థం కానిది ఏంటంటే, చవక బ్రాండును చేతిలో పెట్టుకుంటే ఆ పెద్ద కంపెనీ సొంత కస్టమర్లే ఇటు వచ్చేస్తారు కదా? మరి దీన్ని బతకనివ్వడం వల్ల వాళ్ళకు ఏం లాభం? బతకనిస్తే ఏది కోస్తారు, ఏది ఉంచుతారు? తిట్టడం కోసం అడగడం లేదు, నిజంగా వాళ్ళ వైపు నుంచి ఎలా ఆలోచిస్తారో తెలిసినవాళ్ళు చెప్పండి. ఇంతకుముందు ఇలా జరిగిన చోట్ల ఏమైందో కూడా.

*

లెక్కలపుస్తకం:

మీ మొదటి ప్రశ్న సరైనదే, ఆ పెద్ద కంపెనీలో నిర్ణయాలు తీసుకునేవాళ్ళు కూడా ముందు అడిగేది అదే.

తీగ లాగడానికి అయిన ఖర్చు ఎప్పుడో అయిపోయింది. ఆ వీధిలో ఇంకో ఇల్లు కలిసినా వాళ్ళ మీద అదనంగా పడేది కొంచెమే. అందుకని తక్కువ డబ్బు ఇచ్చే కస్టమరు కూడా, పోటీ కంపెనీకి వెళ్ళిపోయిన కస్టమరు కంటే వాళ్ళకు మేలు. అయితే మీరన్నట్టు సొంతవాళ్ళు జారిపోతే నష్టం. ఒక ఊహాలెక్క చూడండి. పెద్ద బ్రాండులో ఒక కస్టమరు మీద మిగిలేది 50 అనుకుందాం, చవక బ్రాండులో 20. చవక బ్రాండులో కొత్తగా 10 మంది చేరారు. అందులో 3 మంది సొంత ఇంటి నుంచి దిగివచ్చినవాళ్ళయితే, ఒక్కొక్కరి మీద 30 చొప్పున 90 పోయింది. బయటి నుంచి వచ్చిన 7 మంది మీద 140 వచ్చింది. మొత్తం మీద 50 లాభం. సొంతవాళ్ళు 4 మంది అయితే పోయింది 120, వచ్చింది 120, చేతికి ఏమీ లేదు. 5 అయితే 50 నష్టం. అంటే ఆ బ్రాండు మేనేజరు ఉద్యోగమంతా ఆ 4 అనే అంకె కంటే కింద ఉండటమే.

అలా ఉండటానికి కట్టేదే కంచె. ధర చూసి దిగుదామనుకున్న పెద్ద బ్రాండు కస్టమరు "అబ్బే, అది మనకు సరిపోదు" అనుకోవాలి. కానీ ధర కోసమే వెతికే మనిషికి ఆ కంచె అడ్డుగా అనిపించకూడదు. టీవీ, ల్యాండ్‌లైన్, మొబైల్ కలిపి ఇచ్చే ప్యాకేజీలు అటువైపే ఉంచుతారు. షాపులు ఉండవు, అన్నీ ఆన్‌లైనే. రూటర్ మీరే తెచ్చుకోవాలి, లేదా అద్దె. అన్నిటికంటే పై స్పీడు ప్లాన్ ఈ బ్రాండులో అమ్మరు. ఇవన్నీ న్యాయమైన కంచెలే అని నా అభిప్రాయం, ఎందుకంటే ఏది లేదో కొనేముందే కనిపిస్తుంది, వద్దనుకున్నవాడు మానేస్తాడు.

నన్ను బాధపెట్టేది రెండో రకం. ఖర్చు ఆదా కోసం కాకుండా, చవకది చవకగా కనపడాలని కావాలని పాడుచేయడం. ఇది ఇంటర్నెట్‌తో పుట్టింది కాదు. జూల్ దుప్యుయి అనే ఫ్రెంచ్ ఇంజనీరు 1849లోనే రైళ్ళ గురించి ఈ సంగతి రాశాడు. మూడో తరగతి పెట్టెలకు పైకప్పు లేకపోవడానికి కారణం కప్పు ఖరీదు కాదు, రెండో తరగతి టికెట్ కొనగలిగినవాళ్ళు మూడో తరగతిలో ఎక్కకుండా చేయడం అని. పేదవాడి మీద పగేమీ లేదు, దెబ్బ మాత్రం అతనికే తగిలింది. మొబైల్ వైపు చూస్తే, అమెరికాలో ఏటీ అండ్ టీ అనే పెద్ద టెలికాం కంపెనీ 2014లో క్రికెట్ అనే చవక మొబైల్ బ్రాండును కొన్నాక ఆ బ్రాండులో 4జీ స్పీడును చాలాకాలం 8 ఎంబీపీఎస్ దగ్గర ఆపి ఉంచింది. టవరు అదే, ఫోను అదే. ఒక సెట్టింగు మాత్రమే తేడా. అయితే ఆ 8 అనే అంకెను దాచలేదు, అందుకు వాళ్ళను మెచ్చుకోవాలి.

మీది ఇంటి తీగ కాబట్టి మొబైల్‌లో లాగా రద్దీ వేళల్లో మిమ్మల్ని వెనక్కి నెట్టడం అంత మామూలు కాదు. మీ దగ్గర కంచె వస్తే అప్‌లోడ్ స్పీడులోనో, టెక్నీషియన్ ఎన్ని రోజులకు వస్తాడన్న దాంట్లోనో వస్తుంది. వాటి మీద కన్నేసి ఉంచండి.

*

హెడ్‌సెట్_తీసేశా:

పేర్లు చెప్పను గానీ, ఇలాంటి రెండు బ్రాండులున్న చోట నేను మూడేళ్ళు కస్టమర్ కేర్‌లో పనిచేశాను. ఒకే హాలు, ఒకే కుర్చీ. కాల్ వచ్చినప్పుడు స్క్రీన్ మీద రంగు మారుతుంది, ఆ రంగును బట్టి ఏ కంపెనీ పేరుతో నమస్కారం చెప్పాలో తెలుస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అటూ ఇటూ మారుతూ ఉండేదాన్ని.

ఖరీదైన బ్రాండు కస్టమరు డబ్బు ఎక్కువైందని కనెక్షన్ తీసేయమంటే మా చవక బ్రాండు పేరు ఎత్తకూడదు, అది రూలు. పోటీ కంపెనీల పేర్లు ఎత్తొచ్చు, వాళ్ళతో పోల్చి చెప్పొచ్చు, సొంత చెల్లెలి పేరు మాత్రం నోట రాకూడదు. ఒకసారి ఒక పెద్దాయన, ఇంట్లో ఆయనొక్కడే, వార్తలు చూడటానికీ మనవరాలితో వీడియో కాల్‌కీ తప్ప నెట్ వాడడు, ఎక్కువ కట్టలేకపోతున్నానమ్మా అన్నాడు. సగం ధరకు సరిపోయే ప్లాన్ నా ఎదుట ఉన్న రెండో స్క్రీన్‌లోనే ఉంది. చెప్పలేకపోయాను. ఆ కాల్ ఇప్పటికీ గుర్తొస్తుంది. తర్వాత ఏడాది రూలు మారింది, మనిషి ఇక వెళ్ళిపోతున్నాడని ఖాయమైనప్పుడు చివరి మాటగా ఆ చవక బ్రాండు చెప్పొచ్చన్నారు. పైన లెక్కలపుస్తకం గారు రాసిన 4 అంకె చూశాక, ఆ రూలు ఎందుకు మారిందో నాకు ఇప్పుడు అర్థమైంది.

కొన్న బ్రాండుకు ఏమైంది అంటారా, మొదటి ఏడాది నిజంగానే ఏమీ కాలేదు. మీకు వచ్చిన మెయిల్‌లో అబద్ధం లేదు, అది మొదటి ఏడాదికి సంబంధించిన నిజం. కష్టం మొదలైంది బిల్లింగ్ సిస్టమ్ మార్చిన నెలలో. రెండు సిస్టమ్‌లు నడపడం ఖర్చు కదా, ఎప్పుడో ఒకప్పుడు చిన్నదాన్ని పెద్దదాంట్లో కలిపేస్తారు. అకౌంట్ నంబర్లు మారిపోయాయి, బ్యాంకు నుంచి ఆటోమేటిక్‌గా కట్టేవి ఆగిపోయాయి, ఆగినందుకు లేటు ఫీజు పడింది. పాత కంపెనీ వాళ్ళు ఎవరికో "మీకు ఈ ధర ఎప్పటికీ ఇంతే" అని మాటిచ్చి ఉంటారు, ఆ ప్లాన్‌కు కొత్త సిస్టమ్‌లో కోడే లేదు. కోడ్ లేకపోతే దానికి దగ్గరగా ఉన్న ప్లాన్‌లో వేస్తారు, అది ఎప్పుడూ కాస్త ఎక్కువదే. కస్టమరు ఫోన్ చేసి ఏడిస్తే మేం చేయగలిగింది "పాత బిల్లు ఉందా" అని అడగడమే. ఉన్నవాళ్ళకు సరిచేశాం. లేనివాళ్ళకు చేయలేకపోయాం.

ఇంకొకటి, మీరు చెప్పిన ఆ పింగ్ తెలిసిన మనిషి. అలాంటివాళ్ళు మా హాలుకు ఒక ఎనిమిది మంది వచ్చారు, పాత కంపెనీ నుంచి. వాళ్ళకు అలవాటు ఏంటంటే సమస్య తీరేదాకా ఫోన్ పెట్టరు. మా దగ్గర ఒక్కో కాల్‌కు ఇన్ని నిమిషాలని లెక్క. నెల తిరిగేసరికి వాళ్ళ పేర్లు చార్టులో అన్నిటికంటే కింద. ఎవరూ వాళ్ళను తీసేయలేదు, వాళ్ళే ఒక్కొక్కరూ వెళ్ళిపోయారు.

*

రెండోటవర్:

అంతా చెడే జరుగుతుందని భయపెట్టకండి. అమెరికాలో టీ మొబైల్ అనే పెద్ద కంపెనీ 2013లో మెట్రోపీసీఎస్ అనే చవక మొబైల్ కంపెనీని కలుపుకుంది. పాత నెట్‌వర్క్ మూసేసి ఆ కస్టమర్లను తన నెట్‌వర్క్ మీదకు తెచ్చింది, బ్రాండును చంపలేదు, పైగా అంతకుముందు లేని ఊళ్ళకు తీసుకెళ్ళింది. 2018లో పేరును మెట్రో బై టీ మొబైల్ అని మార్చింది. 2024లో మింట్ మొబైల్ అనే ఇంకో చవక బ్రాండును కొన్నాక కూడా పేరు ఉంచింది, ఆన్‌లైన్‌లో అమ్మే పద్ధతీ ఉంచింది. చిన్న కంపెనీలకు సొంతంగా పెట్టుబడి పెట్టే శక్తి ఉండదు. పెద్ద కంపెనీ చేతిలో పడ్డాక లైను బాగుపడిన సందర్భాలు ఉన్నాయి, ధర ఒక్కటే చూసేవాడికి అది లాభమే.

*

తీగలమనిషి:

రెండోటవర్ గారు చెప్పిన ఉదాహరణలు నిజమే, కానీ రెండూ చవకదనం కోసమే పేరు తెచ్చుకున్న బ్రాండులు. అక్కడ కస్టమరు కొన్నది ధర. పాతరూటర్ గారు కొన్నది ధర కాదు, ఆయనే రాశారు కదా, ఒకటే ధర, కాంట్రాక్టు లేకపోవడం, తెలిసిన మనిషి ఫోన్ ఎత్తడం. ఇది ప్రవర్తన. ధరను ఉంచడం పెద్ద కంపెనీకి చాలా సులువు, ఒక గడిలో అంకె మార్చకుండా ఉంటే చాలు. ప్రవర్తనను ఉంచాలంటే వేరే మనుషులు, వేరే మేనేజరు, వేరే కొలతలు కావాలి. హెడ్‌సెట్ గారు చెప్పిన ఆ ఎనిమిది మంది కథలో పోయింది అదే.

అందుకే నేను ముందు చూసేది, అసలు దేని కోసం కొన్నారు అని. తీగల కోసమైతే పేరు పోతుంది. బ్రిటన్‌లో బీ అనే చిన్న కంపెనీ ఉండేది, టెక్నికల్‌గా తెలిసినవాళ్ళు ప్రాణంగా చూసుకున్న బ్రాడ్‌బ్యాండ్. దాన్ని 2006లో ఓ2 అనే మొబైల్ కంపెనీ కొంది, దాని నెట్‌వర్క్ మీదే తన సొంత పేరుతో బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టింది. 2013లో ఆ మొత్తం వ్యాపారాన్ని స్కై అనే టీవీ, బ్రాడ్‌బ్యాండ్ కంపెనీకి అమ్మేసింది, బీ కస్టమర్లు స్కై కస్టమర్లు అయిపోయారు, పేరు ముగిసింది. ఒకసారి అమ్ముడుపోయినది రెండోసారి కూడా అమ్ముడుపోవచ్చు, మొదటి ఓనరు ఇచ్చిన మాట రెండో ఓనరుకు పట్టదు.

పేరు కోసం కొంటే సంగతి వేరు. మళ్ళీ క్రికెటే తీసుకోండి. ఏటీ అండ్ టీకి అప్పటికే సొంతంగా ఆయో అనే చవక బ్రాండు ఉంది. క్రికెట్‌ను కొన్నాక అది సొంత బిడ్డ పేరు తీసేసి, తెచ్చుకున్న దాని పేరును ఉంచింది. జనానికి తెలిసిన పేరు అదే కనక.

అన్నిటికంటే నేను ఆలోచించే ఉదాహరణ ప్లస్‌నెట్. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ ఊరి కంపెనీ, బీటీ అనే పెద్ద టెలికాం కంపెనీ 2007లో కొంది. చాలా ఏళ్ళు దాన్ని షెఫీల్డ్‌లోనే ఉంచింది, ప్రకటనల్లో ఆ ప్రాంతపు యార్క్‌షైర్ యాస, నిజాయితీగా పనిచేసే మామూలు మనుషుల కంపెనీ అనే మాట. బీటీ పేరు ఎక్కడా పెద్దగా కనపడనిచ్చేది కాదు. నేను దాన్ని తప్పు పట్టను, ఎందుకంటే ఆ యాస వెనక నిజంగానే ఆ ఊళ్ళో పనిచేసే మనుషులు ఉన్నారు. కానీ 2016లో బీటీ ఈఈ అనే మొబైల్ కంపెనీని కొంది, 2022లో ఇళ్ళకు అమ్మే ముఖ్యమైన బ్రాండు ఇక ఈఈనే అని ప్రకటించింది. అలా పైమెట్టు మారేసరికి కిందిమెట్టు కూడా కదిలింది. ప్లస్‌నెట్‌ను ఉత్త బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చే బ్రాండుగా కుదించారు, దాని మొబైల్ కస్టమర్లను ఈఈ వైపు పంపారు. ప్లస్‌నెట్ ఏ తప్పూ చేయలేదు. పక్కన ఇంకో బ్రాండు వచ్చి కూర్చుంది, అంతే. మీ కంపెనీ భవిష్యత్తు మీ కంపెనీ ఎలా పనిచేస్తుందన్న దాని మీదే ఆధారపడి ఉండదని చెప్పడానికి ఇంత రాశాను.

నెదర్లాండ్స్ సంగతి కూడా చెప్పాలి. అక్కడ ఎక్స్ఎస్4ఆల్ అని 1993లో పుట్టిన ప్రొవైడర్, చవకది కాదు, కాస్త ఖరీదైనదే, కానీ మనుషులు నమ్మిన పేరు. 1998లో కేపీఎన్ అనే పెద్ద టెలికాం కంపెనీ కొంది. ఇరవై ఏళ్ళు విడిగానే నడిపింది. 2005లో టెల్‌ఫోర్ట్ అనే చవక బ్రాండును కూడా కొంది. 2019 జనవరిలో రెండు పేర్లూ తీసేసి అన్నీ కేపీఎన్ పేరు కిందకే తెస్తామని చెప్పింది. చవకదీ పోయింది, ఖరీదైనదీ పోయింది. అప్పుడు ఎక్స్ఎస్4ఆల్ కస్టమర్లు ఊరుకోలేదు, నిరసన కమిటీ కట్టారు, అది ఫలించకపోతే ఆ ఏడాదే ఫ్రీడమ్ ఇంటర్నెట్ అనే కొత్త కంపెనీనే పెట్టారు. ఇరవై ఏళ్ళు విడిగా ఉన్నా ఒక్క ప్రకటనతో పోతుందని తెలిసినప్పుడు నాకు చాలా బాధేసింది, కస్టమర్లు కదిలి కొత్తది కట్టుకున్నారని తెలిసినప్పుడు అంత సంతోషమూ వేసింది.

*

పాతరూటర్:

అందరికీ చాలా థాంక్సండీ, రాత్రి రెండుసార్లు చదివాను. ఒక విషయం మొదట్లో రాయలేదు. మా చిన్న కంపెనీకి సొంత తీగలు లేవు, ఇన్నాళ్ళూ ఆ పెద్ద కంపెనీ తీగలనే అద్దెకు తీసుకుని మాకు ఇచ్చేది. దీనివల్ల ఏమైనా తేడా ఉంటుందా?

*

లెక్కలపుస్తకం:

ఇదే అసలు ముఖ్యమైన విషయం, ముందే రాసి ఉంటే నా జవాబు అక్కడి నుంచే మొదలయ్యేది.

తీగలు అద్దెకు తీసుకునే కంపెనీని తీగల యజమానే కొంటే, తీగ కోసం కొన్నట్టు కాదు, అది ఎప్పుడూ వాళ్ళదే. కస్టమర్ల కోసమో, పేరు కోసమో, లేదా ధర తగ్గించే పోటీదారు ఒకడు తగ్గాలనో కొన్నట్టు. ఇన్నాళ్ళూ మీ కంపెనీ తక్కువకు అమ్మడం వల్ల లాభపడింది మీరొక్కరే కాదు, పెద్ద కంపెనీ కస్టమర్లు కూడా. "వాళ్ళు ఇంతకే ఇస్తున్నారు" అని ఫోన్‌లో గొడవపడటానికి వాళ్ళకు ఒక పేరు దొరికేది. ఇక ఆ పేరు ఎత్తి బెదిరించినా పనిచేయదు.

కెనడాలో ఇది వరసగా జరిగింది. బెల్ అనే పెద్ద కంపెనీ 2022లో ఈబాక్స్, డిస్ట్రిబ్యుటెల్ అనే చిన్న ఇంటర్నెట్ కంపెనీలను కొంది. కోజెకో అనే కేబుల్ కంపెనీ 2023లో ఆక్సియో అనే ఇంకో చిన్నదాన్ని కొని, పేరును విడిగా ఉంచింది. ఒక్కొక్క కొనుగోలూ చిన్నదే, మొత్తం కలిపి చూస్తే విడిగా పోటీపడేవాళ్ళు తగ్గిపోయారు. పాత ఉదాహరణ కూడా అక్కడిదే. రోజర్స్ అనే పెద్ద కంపెనీ 2004లో ఫైడో అనే మొబైల్ కంపెనీని కొంది, తన కింద చవక మెట్టుగా నిలబెట్టింది. కొన్నేళ్ళకు, 2010లో, దానికంటే కింద చాటర్ అనే ఇంకో బ్రాండు పెట్టింది. చవకది మెల్లగా మధ్య మెట్టుకు ఎక్కుతుంది, కింద ఖాళీ అయిన చోట కొత్తది వస్తుంది, పాత కస్టమరు మాత్రం తాను ఇంకా చవకదాంట్లోనే ఉన్నానని అనుకుంటూ ఉంటాడు. కాబట్టి ఏడాదికోసారి మీ బ్రాండు ధరను మీ పాత బిల్లుతో కాదు, వాళ్ళ మిగతా బ్రాండులతో పోల్చి చూడండి.

నియంత్రణ సంస్థ ఈ కొనుగోలుకు ఏమైనా షరతులు పెట్టిందేమో కూడా వెతకండి. 2023లో క్యూబెకోర్ అనే కంపెనీ ఫ్రీడమ్ మొబైల్ అనే బ్రాండును కొన్నప్పుడు కెనడా ప్రభుత్వం ధరల మీద రాతపూర్వకంగా మాట తీసుకుంది, తప్పితే జరిమానా అని కూడా రాయించుకుంది. ప్రకటనలో చెప్పిన మాటకీ ప్రభుత్వానికి రాసిచ్చిన మాటకీ చాలా తేడా ఉంటుంది.

*

హెడ్‌సెట్_తీసేశా:

పాతరూటర్ గారూ, ఇంకో మూడు పనులు ఈ వారమే చేయండి. పాత కంపెనీ పేరుతో ఈమెయిల్ అడ్రసు వాడుతుంటే బ్యాంకుకీ మిగతావాటికీ ఇచ్చిన చోటల్లా మార్చేయండి, బ్రాండు పోతే ఆ అడ్రసు కూడా పోవచ్చు. అకౌంట్ పేజీలోంచి ఏడాది బిల్లులు డౌన్‌లోడ్ చేసి మీ దగ్గర పెట్టుకోండి, పాత వెబ్‌సైట్ ఒక రోజు పొద్దున్నే తెరుచుకోదు. స్టాటిక్ ఐపీ (ఎప్పుడూ మారని ఇంటర్నెట్ అడ్రసు) ఉంటే అది కొత్త సిస్టమ్‌లో ఉంటుందా అని రాతలో అడగండి, ఫోన్‌లో అడిగితే ఎవరైనా ఉంటుందనే చెబుతారు.

*

పాతరూటర్:

స్టాటిక్ ఐపీ ఉంది, ఇంట్లో కెమెరాల కోసం తీసుకున్నాను. బిల్లులు దించుకున్నాను, ఈమెయిల్ నాది ఎప్పుడూ వేరేదే.

ఇవాళ పొద్దున ఫోన్ చేశాను. ఎప్పుడూ ఎత్తే ఆయనే ఎత్తారు, నా గొంతు గుర్తుపట్టారు. బిల్లింగ్ ఎప్పుడు మారుస్తారని అడిగితే తనకూ ఏమీ చెప్పలేదన్నారు, తమందరినీ వచ్చే నెల ట్రైనింగ్‌కు రమ్మన్నారని మాత్రం చెప్పారు. నా ప్లాన్ పేరు, ధర, స్టాటిక్ ఐపీ సంగతి మెయిల్‌లో రాసి పంపగలరా అని అడిగాను. పది నిమిషాల్లో పంపారు, కింద తన పేరుతో సంతకం కూడా పెట్టారు.